పైథాన్ 3.13కి మారాక లోపలి సర్వర్లకు టీఎల్ఎస్ ఫెయిల్: స్ట్రిక్ట్ ఫ్లాగ్ తీసేయాలా, సర్టిఫికెట్లు మళ్లీ ఇవ్వాలా?

పోర్టు443:
పైథాన్ 3.12లో నడిచిన కోడ్, 3.13కి మార్చగానే లోపలి హెచ్‌టీటీపీఎస్ సర్వర్లకు కనెక్ట్ కావడం మానేసింది. ఎర్రర్ ఇది: "సర్టిఫికేట్ వెరిఫై ఫెయిల్డ్: మిస్సింగ్ అథారిటీ కీ ఐడెంటిఫైయర్". అదే అడ్రస్ బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, కర్ల్ కమాండుతోనూ వస్తోంది. గడువు ఉంది, పేరు సరిపోయింది, రూట్ (సీఏ సొంత సర్టిఫికెట్) ట్రస్ట్ స్టోర్‌లో, అంటే మెషీన్ నమ్మే సర్టిఫికెట్ల జాబితాలో ఉంది. సర్టిఫికెట్లన్నీ మా సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే అథారిటీ) ఇచ్చినవే.

కారణం దొరికింది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13 నుంచి క్రియేట్_డిఫాల్ట్_కాంటెక్స్ట్ ఫంక్షన్ సర్టిఫికెట్లను కఠినంగా తనిఖీ చేయించే వెరిఫై_ఎక్స్509_స్ట్రిక్ట్ ఫ్లాగ్‌ను తనంతట తానే పెడుతోంది. ఇప్పుడు టీమ్ రెండుగా చీలింది. ఫ్లాగ్ తీసేస్తే సరిపోతుందని కొందరు, సీఏనే సరిచేయాలని ఇంకొందరు. ఏది సబబు?

బైట్‌బండి:
తీసేయండి. కాంటెక్స్ట్ తయారుచేశాక దాని వెరిఫై_ఫ్లాగ్స్ విలువలోంచి ఆ ఒక్క బిట్ తొలగించడానికి ఒక్క లైను చాలు. వద్దని చెబుతూనే పైథాన్ డాక్యుమెంటేషన్ ఆ లైనును ఇచ్చింది కూడా. సంతకం, గడువు, హోస్ట్‌నేమ్ తనిఖీలన్నీ 3.12లో ఎలా జరిగేవో అలాగే జరుగుతాయి. అథారిటీ కీ ఐడెంటిఫైయర్ అంటే సంతకం చేసిన కీ ఏదో త్వరగా వెతుక్కోవడానికి ఇచ్చే ఆనవాలు మాత్రమే. అది లేనంత మాత్రాన దొంగ సర్టిఫికెట్ లోపలికి రాదు. పనిచేస్తున్న వందల సర్వర్లను దీనికోసం కదిలించడం అనవసరం.

రూట్‌కీ:
ఆ ఒక్క ఫీల్డు వరకు బైట్‌బండి గారు చెప్పింది నిజమే. కానీ స్ట్రిక్ట్ చూసేది అదొక్కటే కాదు. సీఏ సర్టిఫికెట్‌లో బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ (ఇది సీఏనా కాదా అని చెప్పే ఫీల్డు) క్రిటికల్‌గా, అంటే తప్పక పాటించాలన్న గుర్తుతో ఉండాలి. కీ ఏ పనికో చెప్పే కీ యూసేజ్ ఉండి తీరాలి. సొంత కీకి ఆనవాలైన సబ్జెక్ట్ కీ ఐడెంటిఫైయర్ ఉండాలి. ఇవన్నీ 2008 నాటి సర్టిఫికెట్ల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5280లో రాసి ఉన్నవే, కొత్తగా పుట్టినవి కావు. కీ యూసేజ్ లేని సర్టిఫికెట్‌ను మామూలు మోడ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (పైథాన్ టీఎల్ఎస్ కోసం వాడే లైబ్రరీ) "దేనికైనా వాడుకోవచ్చు" అన్నట్టు చూస్తుంది. ఆ కీ ఏ పనికి ఇచ్చారో సర్టిఫికెట్ చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?

వాదన పక్కన పెట్టి ముందు జబ్బు ఎక్కడుందో తేల్చండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వెరిఫై కమాండుకు ఎక్స్509_స్ట్రిక్ట్ ఆప్షన్ కలిపి, సీఏఫైల్ దగ్గర రూట్‌ను, అన్‌ట్రస్టెడ్ దగ్గర ఇంటర్మీడియట్‌ను (రూట్‌కూ సర్వర్‌కూ మధ్య ఉండే సర్టిఫికెట్‌ను) ఇచ్చి సర్వర్ సర్టిఫికెట్ మీద నడపండి. అక్కడా అదే ఎర్రర్ వస్తే పైథాన్ తప్పు లేనట్టే. సాధారణంగా ఒకటి సరిచేశాకే రెండోది బయటపడుతుంది కాబట్టి మొదటి ఎర్రర్ దగ్గర ఆగిపోకండి.

ఇంకో మాట. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_వెర్షన్ ప్రింట్ చేయించి చూడండి. పై తనిఖీల్లో చాలావరకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0లో చేరాయి. పైథాన్ 3.13 పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 మీద కూడా బిల్డ్ అవుతుంది. అందుకే ఒకే కోడ్, ఒకే పైథాన్ ఒక మెషీన్‌లో నడిచి పక్క మెషీన్‌లో పడిపోవచ్చు.

పోర్టు443:
నడిపాను. సర్వర్ సర్టిఫికెట్ మీద అదే ఎర్రర్. కానీ టెక్స్ట్ రూపంలో తెరిచి చూస్తే అథారిటీ కీ ఐడెంటిఫైయర్ అనే ఎక్స్‌టెన్షన్ కళ్లెదుటే ఉంది! దాని కింద డిర్‌నేమ్, సీరియల్ అని రెండు లైన్లు ఉన్నాయి. ఉన్నదాన్ని లేదంటోందేమిటి?

నెట్‌మేస్త్రి:
ఆ ఎక్స్‌టెన్షన్ లోపల కీఐడీ, అంటే సంతకం చేసిన కీ ఆనవాలు లేదు. స్ట్రిక్ట్ మోడ్ అడిగేది కీఐడీనే. జారీ చేసినవారి పేరు, సీరియల్ మాత్రమే ఉంటే "మిస్సింగ్" కిందే లెక్క. ఇది ఎలా జరిగిందో కూడా ఊహించవచ్చు. ఎక్స్‌టెన్షన్ ఫైలులో "కీఐడీ, ఇష్యూయర్" అని రాసి ఉంటారు. కీఐడీని సీఏ సర్టిఫికెట్‌లోని సబ్జెక్ట్ కీ ఐడెంటిఫైయర్ నుంచి తెచ్చుకోవాలి. అది రూట్‌లో లేకపోతే కీఐడీని వదిలేసి ఇష్యూయర్, సీరియల్ పెట్టేస్తుంది. అంటే లోపం కనిపించేది సర్వర్ సర్టిఫికెట్‌లో, పుట్టింది రూట్‌లో.

రూట్‌కు రిక్వ్ కమాండ్, ఎక్స్509 ఆప్షన్, డిఫాల్ట్ కాన్ఫిగ్ ఫైలు వాడేవారికి వేరే చిక్కు ఉంది. అందులోని వీ3_సీఏ విభాగంలో సబ్జెక్ట్ కీ ఐడెంటిఫైయర్, క్రిటికల్ బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ ఉంటాయి కానీ కీ యూసేజ్ లైను ముందు కామెంట్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తీయకుండా చేసిన రూట్‌లన్నీ "సీఏ సర్ట్ డజ్ నాట్ ఇన్‌క్లూడ్ కీ యూసేజ్ ఎక్స్‌టెన్షన్" అంటూ ఆగిపోతాయి.

బైట్‌బండి:
ఇదే నా వాదనకు బలం. రూట్ కూడా మార్చాలంటే ప్రతి ల్యాప్‌టాప్, ప్రతి కంటైనర్ ఇమేజ్, ప్రతి జావా కీస్టోర్ ముట్టుకోవాలి. ఒక్క లైనుతో పోయేదానికి ఇంత శ్రమా?

కీచైన్:
ఆ ఒక్క లైను ఎన్ని చోట్ల పెట్టాలో లెక్కేశారా? స్ట్రిక్ట్‌ను పెట్టేది క్రియేట్_డిఫాల్ట్_కాంటెక్స్ట్ మాత్రమే. ఎస్‌ఎస్‌ఎల్‌కాంటెక్స్ట్ క్లాస్‌ను నేరుగా పిలిస్తే ఆ ఫ్లాగ్ రాదు. అందుకే 3.13 మొదట్లో హెచ్‌టీటీపీ లైబ్రరీల్లో యూఆర్‌ఎల్‌లిబ్.రిక్వెస్ట్, ఏఐఓహెచ్‌టీటీపీ ఫెయిలై, రిక్వెస్ట్స్ మాత్రం నడిచింది. చాలామంది "రిక్వెస్ట్స్‌కి మారితే పోతుంది" అనుకున్నారు. తర్వాత రిక్వెస్ట్స్ లోపల వాడే యూఆర్‌ఎల్‌లిబ్3 2.4.0 కూడా పైథాన్ 3.13 మీద అదే ఫ్లాగ్ పెట్టడం మొదలుపెట్టింది. ఆ ప్యాకేజీ అప్‌డేట్ కాగానే రిక్వెస్ట్స్ కోడ్ కూడా పడిపోతుంది, పైథాన్ వెర్షన్ మారకుండానే.

రిక్వెస్ట్స్‌లో ఫ్లాగ్ తీయాలంటే హెచ్‌టీటీపీఅడాప్టర్‌ను ఇన్‌హెరిట్ చేసి ఇనిట్_పూల్‌మేనేజర్‌లో సొంత కాంటెక్స్ట్ ఇవ్వాలి. ప్రాక్సీ గుండా వెళ్లే కనెక్షన్లకు ప్రాక్సీ_మేనేజర్_ఫర్‌లోనూ ఇవ్వాలి. రెండోది మరిచిపోతే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒకలా, బయట ఒకలా ఉంటుంది. ఏఐఓహెచ్‌టీటీపీకి మళ్లీ వేరే పద్ధతి. ఈ తిప్పలు పడలేక చివరికి ఎవరో ఒకరు వెరిఫై=ఫాల్స్ అని రాస్తారు, లేదా డిఫాల్ట్ కాంటెక్స్ట్‌నే అన్‌వెరిఫైడ్ దానితో మార్చేస్తారు. ఆ క్షణం నుంచి ఆ ప్రాసెస్‌లో ఆ దారిన వెళ్లే కనెక్షన్లన్నిటికీ తనిఖీ ఉండదు. నా భయం స్ట్రిక్ట్ తీయడం గురించి కాదు, దాని వెనక వచ్చే దీని గురించి.

ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ బాగానే నడుస్తోంది కదా అనే ఆధారమూ చెల్లదు. పిప్ 24.2 నుంచి డిఫాల్ట్‌గా ఆపరేటింగ్ సిస్టమ్ ట్రస్ట్ స్టోర్ వాడుతోంది. విండోస్‌లో, మ్యాక్‌లో తనిఖీ చేసేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాదు.

రూట్‌కీ:
గో భాషలో జరిగింది చూడండి. 2020లో 1.15 వెర్షన్ సర్టిఫికెట్‌లోని కామన్ నేమ్ ఫీల్డును హోస్ట్‌నేమ్‌గా చూడటం మానేసింది. పాత ప్రవర్తన కావాలంటే గోడీబగ్ వేరియబుల్ ఇచ్చింది. 1.17కల్లా ఆ దారీ మూసేసింది. పైథాన్ అలాగే చేస్తుందని అనను. కానీ మినహాయింపు మీద ఇల్లు కట్టుకోకూడదు.

పైగా రూట్ మార్చడం అనుకున్నంత కష్టం కాదు, కొత్త కీ అక్కర్లేదు. అదే కీతో, అదే సబ్జెక్ట్ పేరుతో రూట్ సర్టిఫికెట్‌ను మళ్లీ సంతకం చేయవచ్చు. పాత సర్టిఫికెట్‌నే ఎక్స్509 కమాండుకు ఇన్‌పుట్‌గా ఇచ్చి, సైన్‌కీ, క్లియర్ఎక్స్‌ట్, డేస్, ఎక్స్‌ట్‌ఫైల్ ఆప్షన్లు వాడండి. ఫైలులో మూడు లైన్లు: బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ = క్రిటికల్, సీఏ ట్రూ; కీ యూసేజ్ = క్రిటికల్, కీసర్ట్‌సైన్, సీఆర్‌ఎల్‌సైన్; సబ్జెక్ట్ కీ ఐడెంటిఫైయర్ = హ్యాష్. పేరును మళ్లీ చేత్తో టైప్ చేయకండి. గో సబ్జెక్ట్‌ను బైట్లుగా పోలుస్తుంది. అక్షరాలు ఒకటే అయినా ఎన్‌కోడింగ్ మారితే చైన్ (సర్వర్ నుంచి రూట్ దాకా సర్టిఫికెట్ల వరుస) తెగుతుంది.

కొత్త రూట్‌ను ముందు అన్ని మెషీన్లకూ పంపండి, పాతదాన్ని తీసేయండి. రెండూ ఉంటే పాతదాని మీదుగా చైన్ కట్టే అవకాశం ఉంది. ఆ తర్వాతే కీఐడీతో సర్వర్ సర్టిఫికెట్లు ఇవ్వండి. డెబియన్, ఉబుంటులో ఫైలు పేరు చివర సీఆర్‌టీ అని లేకపోతే అప్‌డేట్-సీఏ-సర్టిఫికేట్స్ దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

నెట్‌మేస్త్రి:
ఒక జాగ్రత్త. పోర్టు443 గారి పాత సర్వర్ సర్టిఫికెట్లలో రూట్ సీరియల్ ఉంది. కొత్త రూట్‌కు సీరియల్ మారితే అవి స్ట్రిక్ట్ లేని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ క్లయింట్లలో కూడా దానితో జతపడవు. ఇవాళ బాగున్న కర్ల్ రేపు పడిపోవచ్చు. సెట్_సీరియల్‌తో పాత నంబరే ఉంచండి.

కీచైన్:
ఉంచితే ఫైర్‌ఫాక్స్ గోల చేయవచ్చు. ఒకే జారీదారు, ఒకే సీరియల్‌తో రెండు వేర్వేరు సర్టిఫికెట్లు కనిపిస్తే అది ఎర్రర్ ఇస్తుంది. పాత రూట్ ఎక్కడా మిగలదన్న నమ్మకం ఉంటేనే అదే నంబరు. లేకపోతే కొత్త పేరు, కొత్త కీతో రెండో రూట్ పెట్టి, రెండింటినీ కొంతకాలం పక్కపక్కన నడిపి, సర్వర్లను ఒక్కొక్కటిగా మార్చడం మేలు. నా ఓటు దీనికే.

బైట్‌బండి:
సర్వర్ల వరకు ఒప్పుకుంటాను. ప్రింటర్లు, పాత స్విచ్‌లు, యూపీఎస్ కార్డుల సంగతేమిటి? కొన్నింటిలో తయారీదారు పెట్టిన సర్టిఫికెట్‌ను మార్చే వీలే ఉండదు. అక్కడ స్ట్రిక్ట్ తీయక తప్పదు కదా?

రూట్‌కీ:
చాలాసార్లు తప్పుతుంది. 3.13 స్ట్రిక్ట్‌తోపాటు వెరిఫై_ఎక్స్509_పార్షియల్_చైన్ కూడా పెట్టింది. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. దానివల్ల చైన్ రూట్ దాకా వెళ్లనక్కర్లేదు. ఆ పరికరం సర్టిఫికెట్‌నే సీఏఫైల్‌గా ఇస్తే నేరుగా నమ్ముతుంది. చైన్‌లో చివరి సర్టిఫికెట్‌కు అథారిటీ కీ ఐడెంటిఫైయర్ అడగరు కాబట్టి స్ట్రిక్ట్ ఉండగానే పాసవుతుంది. షరతు ఒకటుంది: పరికరం తన సర్టిఫికెట్ ఒక్కటే పంపాలి. వెనక ఇంటర్మీడియట్ కూడా పంపితే చైన్ పొడవు రెండై మళ్లీ అదే ఎర్రర్. 

అక్కడా కుదరకపోతే మీ లైను వాడండి, ఆ పరికరాలకే పరిమితమైన ప్రత్యేక కాంటెక్స్ట్‌లో. ఏ పరికరం, ఏ ఎర్రర్ అని పక్కనే కామెంట్ ఉండాలి.

బైట్‌బండి:
సర్టిఫికెట్‌ను నేరుగా నమ్మితే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో అది మారినప్పుడు స్క్రిప్టు ఆగుతుంది. ప్రత్యేక కాంటెక్స్ట్‌లో స్ట్రిక్ట్ తీస్తే ఆగదు. పరికరాలకు నేను రెండోదే వాడతాను.

రూట్‌కీ:
ఎవరికీ చెప్పకుండా సర్టిఫికెట్ మారినప్పుడు స్క్రిప్టు ఆగాలనే కదా తనిఖీ పెట్టుకున్నది.