పిన్ను ‘కూర్చోవడం’: ప్లగ్గూ సాకెట్టూ కలవడాన్ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద ఇండస్ట్రియల్ ప్లగ్గులు, సాకెట్ల మీద ఒక సూచనల పత్రం తెలుగులో రాస్తున్నాను. మెషీన్ పక్కన గోడకు అంటిస్తారు. “ప్లగ్గును సాకెట్‌తో పూర్తిగా సంధానించవలెను” అని రాశాను. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన చదివి, “అంటే దూర్చమనా మేడమ్, బిగించమనా?” అని అడిగారు. ఇక్కడ సరైన మాట ఏది?

జవాబు:
ఆయన మంచి ప్రశ్న అడిగారండీ. ఆయన చెప్పిన రెండు మాటలకీ మధ్య మూడోది ఒకటుంది: కూర్చోవడం. “పిన్ను సరిగ్గా కూర్చోలేదు, అందుకే వేడెక్కుతోంది” అని ఎలక్ట్రీషియన్లు రోజూ అంటారు. బేరింగ్ దాని గూట్లో (హౌసింగ్‌లో) కూర్చుందా లేదా అని ఫిట్టర్లు చూసేదీ ఇదే మాటతో. ప్లగ్గును మనిషి దూరుస్తాడు, పిన్ను కూర్చుంటుంది, ఆ తర్వాత మనిషి మళ్లీ బిగిస్తాడు. మీ పత్రంలో ఈ మూడూ విడివిడిగా కనపడాలి.

దూర్చగానే మెషీన్ తిరుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. పిన్ను సగమే లోపలికి వెళ్లినా కరెంటు పారుతుంది, కానీ తగిలే చోటు తగ్గి నిరోధం పెరుగుతుంది. 63 ఆంపియర్లు పారే చోట 10 మిల్లీ ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే దాదాపు 40 వాట్లు. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో పుట్టేంత వేడి ఆ ఒక్క పిన్ను దగ్గర షిఫ్టంతా పుడుతూనే ఉంటుంది. ముందు పిన్ను నల్లబడుతుంది, తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మెత్తబడితే పట్టు ఇంకా వదులై, నిరోధం ఇంకా పెరుగుతుంది. ‘లూజు కాంటాక్ట్’ అని తేలిగ్గా అనేస్తాం గానీ, చాలా సాకెట్లు కాలిపోయేది ఇలాగే.

ఇక బిగించడం. ఇది రకాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీ దగ్గర ఉన్న సాకెట్‌ను ఒకసారి చేత్తో పట్టుకొని చూసి రాయండి. సాకెట్ మీద ఉండే ‘ఐపీ’ అంకె దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెబుతుంది. నీళ్లు లోపలికి పోకుండా చేసిన ఐపీ 67 రకానికి రింగు తిప్పి బిగించాలి. చిందే నీళ్లను మాత్రమే ఆపే ఐపీ 44 రకంలో సాకెట్ స్ప్రింగు మూతే ప్లగ్గును పట్టి ఉంచుతుంది. హార్టింగ్ కంపెనీ వాళ్ల హాన్ లాంటి దీర్ఘచతురస్రాకారపు మల్టీపిన్ కనెక్టర్లకైతే ‘లివర్ వేయడం’ అంటారు. పత్రంలో కూడా అదే మాట ఉంచండి.

ఇంకొకరు:
బడి పుస్తకాల్లో వాహకం, బంధకం, నిరోధం అని చదువుకున్నాం. మీరూ నిరోధం అనే రాశారు. అలాంటప్పుడు ‘సంధానం’ ఏం తప్పు చేసింది? సాంకేతిక విషయం రాసేటప్పుడు కాస్త గట్టి తెలుగు ఉండొద్దా?

జవాబు:
ఉండాలండీ, నాకూ ఇష్టమే. నిరోధం ఒక్క రాశికే పేరు, దాన్ని కొలవొచ్చు. అందుకే ఆ మాట నిలబడింది. ‘సంధానం’ మూడు పనుల మీద ఒకే ముసుగు వేస్తోంది. అదే మాట మరోచోట ఇంకా ప్రమాదం. ప్లగ్గు, సాకెట్ రెండింటికీ కలిపి ‘అనుసంధానకం’ అని రాసిన పత్రాలు చూశాను. కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ సాకెట్టే ఉండాలి, మెషీన్ వైపు ప్లగ్గు ఉండాలి. తారుమారైతే బయటికి పొడుచుకొచ్చిన పిన్నుల మీదే కరెంటు ఉంటుంది, చెయ్యి తగిలితే షాకే. మేల్, ఫీమేల్ అంటారో, పిన్నుల వైపు, రంధ్రాల వైపు అంటారో మీ ఇష్టం. తేడా మాత్రం పోకూడదు.

ఎర్త్ పిన్ను గురించి కూడా ఒక వాక్యం పెట్టండి. ఐఈసీ 60309 (ఇండస్ట్రియల్ ప్లగ్గులకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) సాకెట్లలో అది మిగతా వాటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. ముందు తగిలేదీ, చివర విడేదీ అదే. గడియారం అంకెల లెక్కలో దాని చోటు వోల్టేజీని బట్టి మారుతుంది: ఎర్ర 400 వోల్టులకూ నీలం 230 వోల్టులకూ 6 గంటల దగ్గర, పసుపు 110 వోల్టులకు 4 గంటల దగ్గర. తప్పుడు సాకెట్‌లోకి ప్లగ్గు దూరదు. కాబట్టి “దూరకపోతే బలవంతం చేయకండి, రంగు చూడండి” అని తప్పక రాయండి.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇలా మార్చాను: “ప్లగ్గును నిటారుగా దూర్చండి. పిన్నులు అడుగుదాకా కూర్చున్నాయో లేదో చూడండి. రింగు తిప్పి బిగించండి. మెయిన్ స్విచ్ ఆపి ప్లగ్గును తొలగించండి.”

జవాబు:
మొదటి మూడు వాక్యాలూ బాగున్నాయి. నాలుగోది మార్చాలి. ‘ఆపి తొలగించండి’ని హడావుడిలో చదివితే రెండూ ఒకే ఊపులో చేసే పనిలా వినిపిస్తుంది. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, పీకితే పిన్నుల మధ్య ఆర్క్ (మెరుపులాంటి నిప్పు) లేస్తుంది. హాన్ లాంటి కనెక్టర్లలో చాలావాటిని కరెంటు పారుతుండగా విడదీయడానికి తయారుచేయరు. మనకు ‘ఏ’ అనే ఒక్క అక్షరం ఉంది, వాడుకుందాం: “మెయిన్ స్విచ్ ఆపాకే ప్లగ్గు తీయండి.” ‘తొలగించండి’ అంటే మళ్లీ పెట్టేది లేదన్నట్టు ఉంటుంది, ‘తీయండి’ చాలు. దాని కిందే “కేబుల్ పట్టి లాగకండి” అని చేర్చండి. అలా లాగితే గ్లాండ్ (ప్లగ్గులోకి వచ్చే చోట కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు) వదులై, లోపల ఒక్కొక్క వైరూ స్క్రూ కింద నుంచి జారుతుంది.