పోస్ట్‌డాక్ రెండేళ్లూ దేనికి పెట్టాలి: ఈఎంజీ చేతికా, సాకెట్‌కా?

కొత్తబాట:
ఈఎంజీ, అంటే కండరాల విద్యుత్ సంకేతాల మీద నా పీహెచ్‌డీ అయింది. చేతిలో రెండు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) ఆఫర్లున్నాయి. మొదటిది, కృత్రిమ చేతిని ఈఎంజీతో నడిపే మెషీన్ లెర్నింగ్ పని. రెండోది, మోకాలి కింద కాలు తీసేసినవాళ్ల సాకెట్‌లో, అంటే మిగిలిన కాలు దూరే కృత్రిమ కాలి పైభాగంలో, ఒత్తిడి ఎక్కడ పడుతోందో కొలిచి, డిజైన్ మార్చే పని. మొదటిదాంట్లో పేపర్లు త్వరగా వస్తాయి. "సాకెట్ వర్క్‌షాప్ పని, రీసెర్చ్ కాదు" అని సీనియర్ ఒకరు కొట్టిపారేశారు. మీరేమంటారు?

సంకేతం:
ఆ సీనియర్ మాట తప్పు. అయినా మీరు మొదటిదే తీసుకోండి. మామూలు ఈఎంజీ చేతికి ఉండేది కండరం సంకేతాన్ని పట్టే రెండు ఎలక్ట్రోడ్లు. ఒకదానితో తెరవాలి, ఇంకోదానితో మూయాలి. వేరే పట్టుకు మారాలంటే చాలా మోడల్స్‌లో రెండు కండరాలూ ఒకేసారి బిగించాలి. ఇలా ఎంతకాలం? అమెరికా డాక్టర్ టాడ్ కైకెన్ బృందం తెగిన నరాలను ఛాతీ కండరాలకు కలిపి, "చెయ్యి మూయాలి" అనుకోగానే చెయ్యి మూసుకునేలా చేసింది. 2024లో ఎంఐటీ పరిశోధకుడు హ్యూ హెర్ బృందం కాళ్ల మీద చూపించిన ఫలితం కూడా చూడండి. సర్జరీలో ఎదురెదురు కండరాలను జతకట్టిన ఏడుగురి గరిష్ఠ నడక వేగం, మామూలు సర్జరీ అయిన ఏడుగురికన్నా 41 శాతం ఎక్కువ. ఈ రంగాన్ని ముందుకు తీసుకెళ్లేది ఇలాంటి పనే.

ప్లాస్టర్ పట్టీ:
నేను ప్రోస్థెటిస్ట్‌ని, కృత్రిమ కాళ్లూ చేతులూ చేసి అమరుస్తాను. స్టంప్, అంటే తీసేయగా మిగిలిన కాలు, పొద్దున ఉన్న సైజులో సాయంత్రం ఉండదు. నీరు తగ్గి సన్నబడుతుంది, కాలు సాకెట్‌లో కిందికి జారుతుంది, మనిషి ఇంకో సాక్ తొడుక్కుంటాడు. మోకాలి చిప్ప కింది స్నాయువు బరువు మోయగలదు. దానికి కాస్త పక్కనే, ఫిబులా ఎముక పైకొన దగ్గర మాత్రం కొద్దిగా ఒరుసుకున్నా తట్టుకోలేరు. సాకెట్ తీసి పది నిమిషాలైనా అక్కడ ఎరుపు తగ్గకపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లకైతే నొప్పే తెలియదు, పుండు పడ్డాకే వస్తారు. సాకెట్ చేయడానికి తీసే స్టంప్ ప్లాస్టర్ అచ్చును ఎక్కడ చెక్కాలో, ఎక్కడ నింపాలో ఇప్పటికీ చాలావరకు మా చేతి అంచనాయే. దాన్ని కొలిచి చెప్పడం రీసెర్చ్ కాకపోతే మరి ఏది రీసెర్చ్?

ఇంకో మాట. వికలాంగులు సహాయక పరికరాలతో పోటీపడే సైబథ్లాన్‌లో 2016లో చేతుల పోటీ గెలిచింది మోటారు లేని, భుజం కదలికతో కేబుల్ లాగే చెయ్యి.

సంకేతం:
ఆ గెలుపు ఆరితేరిన ఒక్క మనిషిది. బిడిస్, చౌ అనే పరిశోధకులు పాతికేళ్ల అధ్యయనాలను కలిపి చూసి 2007లో రాసిన లెక్క ప్రకారం, పెద్దవాళ్లలో కేబుల్ చేతులను వదిలేసినవాళ్లు సగటున 26 శాతం, విద్యుత్ చేతులను వదిలేసినవాళ్లు 23 శాతం. రెండింటికీ పెద్ద తేడా లేదు. సాకెటే సమస్య అనుకుంటే, సాకెట్ లేకుండా కృత్రిమ కాలిని తగిలించే ఇంప్లాంట్‌ను నేరుగా ఎముకలో బిగించే పద్ధతి స్వీడన్‌లో 1990 నుంచే ఉంది కదా.

ప్లాస్టర్ పట్టీ:
ఉంది. కానీ ఇంప్లాంట్ చర్మం దాటి బయటికొచ్చే చోట ఇన్ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకు సాధారణంగా ఆ సర్జరీ చెయ్యరు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది వాళ్లే.

మోకాలి కింద:
కృత్రిమ కాలు వాడుతూ ఇదే రంగంలో పనిచేస్తున్నాను. చెయ్యా, కాలా అన్న వాదన పక్కన పెట్టండి. డేటా ఎవరి ఒంటి మీద తీస్తారో రెండు ల్యాబుల్నీ అడగండి. రెండు చేతులూ బాగున్న విద్యార్థిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతి కదలికను గుర్తించడంలో 95 శాతం కచ్చితత్వం చూపించే పేపర్లకు కొదవలేదు. అదే చేతిని తలకన్నా పైకి ఎత్తితే, చెమట పడితే, ఎలక్ట్రోడ్ కాస్త పక్కకు జరిగితే ఆ అంకె నిలవదు. దాన్ని నమ్మి పరికరం తొడుక్కునేది మాలాంటివాళ్లం. వాడేవాళ్లు ఇంటికి తీసుకెళ్లి, నెలల తరబడి వాడి, బాలేదని చెప్పే వీలులేని ప్రాజెక్టులో చేరొద్దు. మనుషుల మీద పరిశోధనకు కావాల్సిన ఎథిక్స్ అనుమతికే నెలలు పడుతుంది, నిజమే. అందుకే చేరకముందే ఆ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోండి.

కొత్తబాట:
ఇద్దరు పీఐలనూ (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకులను) అడిగాను. ఈఎంజీ ల్యాబ్‌లో మొదటి ఏడాదంతా విద్యార్థుల డేటాయే. సాకెట్ ప్రాజెక్టుకు క్లినిక్ ఉంది, అనుమతీ వచ్చేసింది. రెండోదానికే ఒప్పుకుంటున్నాను. ముందుగా ఏం నేర్చుకోవాలి?

ప్లాస్టర్ పట్టీ:
సాఫ్ట్‌వేర్ తర్వాత. ముందు క్లినిక్‌లో ప్లాస్టర్ తడపండి, అచ్చు తీయండి. సాకెట్ లోపల సెన్సర్ పెట్టేటప్పుడు దాని మందం చూసుకోండి. బిగుతుగా ఉన్నచోట సెన్సర్ మందమే ఒత్తిడిని మార్చేస్తుంది, అప్పుడు మీరు కొలిచేది మీ సెన్సర్ పెంచిన ఒత్తిడినే.

సంకేతం:
నా అభిప్రాయం మారలేదు. కంట్రోల్ పనికి మనుషులు కావాలి, మీరు దాన్ని వదలడం నష్టమే. కనీసం ఆ సాకెట్‌లోనే ఈఎంజీ ఎలక్ట్రోడ్లు కూడా పెట్టించండి. నడుస్తుంటే అవి ఎంత జరుగుతాయో తెలిస్తే మా అల్గారిథమ్‌లకు పనికొస్తుంది.