రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయా?

రాగి చెంబు:
పొద్దున్నే పరగడుపున లీటరు, రోజు మొత్తం మీద ఐదు లీటర్లు తాగమని మా యోగా మాస్టారు చెబుతారు. అలాగే తాగుతున్నాను. మూత్రం నీళ్లలా తెల్లగా వస్తోంది. రక్తంలో చెడంతా కడుక్కుపోతున్నట్టే కదా! నీళ్లు తక్కువ తాగబట్టే కిడ్నీ జబ్బులు పెరుగుతున్నాయని నా నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

డయాలిసిస్ టెక్నీషియన్:
మూత్రం రంగుకీ రక్తం శుభ్రపడటానికీ సంబంధం లేదండి. వడపోత జరిగే చోటు వేరు, నీళ్ల లెక్క తేలే చోటు వేరు.

నిమిషానికి లీటరు పైచిలుకు రక్తం కిడ్నీలకు వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే సూక్ష్మమైన గొట్టాలు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నటి రక్తనాళాల చుట్ట ఉంటుంది. రక్తం ఒత్తిడికి అక్కడ నీరు, ఉప్పు, యూరియా, గ్లూకోజు బయటికి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి. అలా రోజుకు సుమారు 180 లీటర్లు వడకడుతుంది. మీరు రెండు లీటర్లు తాగినా ఐదు తాగినా అది ఇంచుమించు అంతే. అందులో 178 లీటర్ల దాకా తిరిగి రక్తంలోకే పోతుంది.

మీరు తాగే నీళ్లు మార్చేది ఆఖరి దశనే. రక్తం ఒక శాతం చిక్కబడినా మెదడు కనిపెట్టి వాసోప్రెసిన్ అనే హార్మోను వదులుతుంది. దాంతో నెఫ్రాన్ల చివర ఉండే గొట్టాల గోడల్లోకి ఆక్వాపోరిన్లనే నీటి దారులు వచ్చి చేరతాయి, నీరు వెనక్కి వెళ్తుంది, మూత్రం ముదురు పసుపవుతుంది. ఎక్కువ తాగితే హార్మోను తగ్గి, తాగిన నీళ్లే బయటికొస్తాయి. రోజు మొత్తంలో పోయే క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే.

కెనడాలో స్టేజి 3 (జబ్బు మధ్యదశలో ఉన్న) కిడ్నీ రోగులు 631 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. సగం మందిని ఏడాదిపాటు ఎక్కువ నీళ్లు తాగేలా ప్రోత్సహించారు. కిడ్నీ పనితీరు పడిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

స్టోన్ పేషెంట్:
రాళ్ల మాట మరిచిపోతున్నారు. ఇటలీలో రాయి వచ్చినవాళ్లు 199 మందిని ఐదేళ్లు చూశారు, 1996లో ప్రచురించారు. రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేంత తాగినవాళ్లలో 12 శాతం మందికే మళ్లీ రాయి వచ్చింది, మిగతావాళ్లలో 27 శాతానికి. మాకు నీళ్లే మందు.

కవిటి కుర్రాడు:
శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్లకి షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు. ఇన్నేళ్లయినా ఇదీ కారణమని తేలలేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడ వేడి మీదే ఎక్కువ అనుమానం, అందుకే నీళ్లతో పాటు నీడ, విశ్రాంతి కూడా ఇవ్వాలంటున్నారు. ఎక్కువ నీళ్లు అక్కర్లేదనే మాట ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి సరిపోతుంది. మే నెలలో తోటపని చేసేవాడికి చెప్పకండి అన్నా, చాలా నష్టం.

డయాలిసిస్ టెక్నీషియన్:
తమ్ముడూ, నీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చెమట పోయినంతా తాగాల్సిందే, ఉప్పు కూడా అందాల్సిందే. రాళ్లున్నవాళ్ల సంగతీ నిజమే. నా అభ్యంతరం అందరికీ ఒకే అంకె చెప్పడం మీదే.

రాగి చెంబు:
సరే, కడగదనే అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నవాడు ఐదు లీటర్లు తాగితే నష్టమేంటి?

డయాలిసిస్ టెక్నీషియన్:
రోజంతా కొంచెం కొంచెంగా తాగితే మామూలుగా ఏమీ కాదు. కానీ మంచి కిడ్నీ కూడా గంటకు లీటరుకు మించి పంపడం కష్టం. అంతకంటే వేగంగా తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది.

నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి. మూత్రం దాదాపు ఆగిపోయిన డయాలిసిస్ పేషెంట్లు ఇలాంటి సలహా విని నీళ్లు తాగేసి, ఒళ్లంతా ఉబ్బి ఆయాసంతో వస్తారు. ఒక్క సిట్టింగ్‌లో అంత నీరు తీస్తే బీపీ పడిపోతుంది. మీ మాస్టారి క్లాసుకు గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లు వస్తుంటే, ఎంత తాగాలో వాళ్ల డాక్టర్నే అడగమని ఆయనతో చెప్పించండి.