కోతపండుగ వాలంటీర్లు: హాల్ సంగతి ముందు తేలాలి

హాల్ బుకింగ్: అందరికీ వందనాలు. పైన పెట్టిన పనుల లిస్టు కాసేపు పక్కన పెట్టండి. హాల్ ఇచ్చిన సంఘం పెద్ద ఇప్పుడే ఫోన్ చేశారు. మందిరంలో వాయిద్యాలు వద్దట. కీబోర్డు, తబలా, కంజీర, ఏదీ. ఒప్పందం మూడో పేజీలో రాసే ఉంది, నేనే చూసుకోలేదు. ఎల్లుండే పండగ.

కీబోర్డు తమ్ముడు: వేరే హాల్ చూద్దాం అన్నా.

కోశాధికారి: 600 డాలర్లు కట్టేశాం, వెనక్కి రావు. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం డాలస్ చుట్టూ, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా, ఖాళీ హాల్ ఉంటే నువ్వే చూపించు.

కాకినాడ అక్క: వాళ్ళు క్రీస్తు సంఘం (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) వాళ్ళు కదా, వాయిద్యాలు లేకుండానే పాడతారు. మా అమ్మవాళ్ళ సంఘమూ ఇంతే. మొండితనం కాదు, లేఖనంలో చెప్పిందే చేయాలన్న పట్టింపు. పౌలు రాసిన పత్రికల్లో ఎఫెసీ 5:19, కొలొస్సయి 3:16 పాడమన్నాయి, వాయించమనలేదు. ఒకప్పుడు కలిసే ఉన్న డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ సంఘం వాళ్ళతో విడిపోవడానికి ఇదీ ఒక కారణమే. 1906 అమెరికా లెక్కల్లో వేరే సంఘంగా ఎక్కారు.

కీబోర్డు తమ్ముడు: 150వ కీర్తన వాళ్ళ బైబిల్లో లేదా అక్కా? బూర, స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి. మన తెలుగు బైబిల్లోనైతే సగం కచేరీ ఉంది.

కాకినాడ అక్క: అది దేవాలయం నాటి ఆరాధన అంటారు. 2 దినవృత్తాంతములు 29 చూడు. దహనబలితో పాటే వాయిద్యాలు మొదలై, అది ముగిసేదాకా మోగాయి. బలులు పోయాయి, వాటితో అవీ పోయాయని వాళ్ళ లెక్క.

గుంటూరు అంకుల్: మరి మైకు ఏ పత్రికలో ఉందమ్మా?

కాకినాడ అక్క: మైకు మన గొంతే పెంచుతుంది, తన పాట కలపదు అంకుల్.

బైబిల్ స్టడీ అన్న: లండన్‌లో పేరుమోసిన పాతకాలపు బోధకుడు స్పర్జన్ గారి సంఘంలోనూ ఆర్గన్ ఉండేది కాదు. అహరోను కొడుకులు నాదాబు, అబీహు వేసింది ధూపమే, కానీ దేవుడు చెప్పని నిప్పుతో. లేవీకాండం 10. మనకి బాగుందని తెచ్చిపెట్టేదేదైనా అన్యాగ్నే.

కీబోర్డు తమ్ముడు: ఏడేళ్ళుగా నేను మోసుకొస్తున్నది అన్యాగ్నా? మీ బాబు మొదటి పుట్టినరోజు ప్రార్థనకి వాయించినప్పుడు అది ఏ అగ్ని అన్నా?

(కీబోర్డు తమ్ముడు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు)

క్వయర్ అక్క: అయిందా? లేవీకాండం విప్పినవాళ్ళే శనివారం శృతి కూడా ఇస్తారా? పిల్లలు రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాకు పెట్టుకుని నేర్చుకున్నారు. అది లేకపోతే రెండో చరణానికే గొంతు పాతాళంలో ఉంటుంది.

పాస్టర్ గారు: ఆ మాట అంత తేలిగ్గా వాడకండి. అన్యాగ్ని లెక్క తీస్తే కోతపండుగకి తెచ్చిన కానుకల వేలంపాటతో మొదలుపెట్టాలి, పెట్టింది నేనే. వాళ్ళ మందిరం, వాళ్ళ మనస్సాక్షి. రోమా 14 చదవండి. చదివాక రాయండి.

బైబిల్ స్టడీ అన్న: తప్పయింది అయ్యగారూ. తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదు. వాళ్ళింటికే వెళ్తున్నా.

గుంటూరు అంకుల్: మా ఊరి గుడిలో కోతపండుగకి హార్మోనియం ఎక్కడిది, కరెంటే లేదు. మా మేనత్త ఎత్తుకుంటే గుడంతా అందుకునేది. ఇంతకీ పులిహోరకి బియ్యం ఎన్ని కిలోలు?

క్వయర్ అక్క: అంకుల్, భలే గుర్తు చేశారు. మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతారు. ఇప్పుడే అడిగా. పప్పు తాలింపు వేస్తూ అక్కడే పల్లవి ఎత్తుకున్నారు, ఇంగువ మాడింది. ట్రాకు పాటలు మూడూ తీసేశా. ఆవిడ ఒక్కో పాదం పాడితే మనం తిరిగి పాడటమే.

కోశాధికారి: వేలం సంగతి? సొరకాయలు, గోంగూర, కరివేపాకు కుండీ మా గరాజ్‌లో ఉన్నాయి.

హాల్ బుకింగ్: లోపల అమ్మకాలు కూడా వద్దన్నారు. పార్కింగ్‌లో మీ ఇష్టమట.

(బైబిల్ స్టడీ అన్న కీబోర్డు తమ్ముణ్ని చేర్చారు)

కీబోర్డు తమ్ముడు: టీ తాగుతున్నాం. ఆయన మాట ఆయనదే, నా మాట నాదే. పార్కింగ్‌లో కంజీర వాయించొచ్చేమో అడిగారా?

హాల్ బుకింగ్: అడగలేదు. అడగను కూడా.

క్వయర్ అక్క: కారులోనే ఉంచు తమ్ముడూ. నువ్వు మగవాళ్ళ వరసలో నిలబడు, మిగతావాళ్ళకి నీ గొంతే ఆసరా. రేపు రాత్రి 8కి మా ఇంట్లో ప్రాక్టీసు. పాటల పుస్తకాలు తెచ్చుకోండి, ఫోన్ చూసి పాడితే అత్తయ్య ఊరుకోరు.