నేల విడిచి సాము... ఇంతకీ ఏ సాము?

ప్రశ్నార్థకం (మల్లేశ్వరం): ఆదివారం పనిమీద పేట వైపు వెళ్తే ఓ సందులో పాత గరడి మనె, అదే కుస్తీ సాధన చేసే ఇల్లు, కనబడింది. తలుపు తీసే ఉంది. లోపల ఎర్రమట్టి, గోడకి ఆంజనేయుడు, మూలన గదలు. అప్పట్నించీ బుర్రలో ఒకటే గోల. "నేల విడిచి సాము" అని అందరం అంటాం కదా, మా తాతయ్య దానికి ఒక తోక తగిలించేవాడు. గరిడీ అనో గారడీ అనో ముగిసేది, ప్రాస కూడా కుదిరేది. ఎవరికైనా గుర్తుందా?

అరసున్న: తోక సంగతి తర్వాత. ముందు అది గారడీ కాదు, గరిడీ. సాము చేసే చోటు గరిడి, అందుకే సాము గరిడీలు అని జంటగా అంటాం. ఎవరో దీర్ఘం ఇచ్చి "సాము గారడీలు" అని రాయడం మొదలుపెట్టారు, వస్తాదులు టోపీలోంచి కుందేళ్ళు తీస్తున్నట్టు! గారడి వేరే మాట, గారుడం నుంచి వచ్చింది, పాము విషం దించే మంత్రం.

బండి ఱ (చెన్నై): అరసున్న గారూ, అంత ధీమా వద్దు. ఒకే సంతలో ఒకడు గడ ఎక్కి, ఒకడు కత్తి తిప్పి, ఇంకొకడు పామునాడించి పొట్ట పోసుకున్న చోట ఈ రెండు మాటలూ కలిసిపోతే తప్పేముంది?

అరసున్న: కలిసిపోయాయంటే ఒప్పుకుంటా, ఒకటే అంటే ఒప్పుకోను. కన్నడంలో గరడి, గరుడి రెండూ ఉన్నాయి. సంస్కృతంలో ఖలూరిక, ఆయుధాలతో సాధన చేసే చోటు. నా లెక్క ప్రకారం ఖలూరి, గరుడి, గరిడి. ఇందులో మొదటి అక్షరానికి దీర్ఘం ఎక్కణ్ణించి వస్తుంది?

బండి ఱ: ఖ పోయి గ వచ్చె, ల పోయి ర వచ్చె, ర పోయి డ వచ్చె. ఇంత సాము చేయిస్తే ఏ మాటైనా ఇంకో మాట అయిపోతుంది లెండి.

ఉత్పలమాల (జయనగర్): మీరిద్దరూ గరిడి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అసలు కిటుకు "నేల"లో ఉంది. కల్యాణి చాళుక్యుల సోమేశ్వరుడు మానసోల్లాసంలో మల్లుల సాధన రాస్తూ మల్లస్తంభం గురించి కూడా చెప్పాడు, 12వ శతాబ్దం మాట. స్తంభమెక్కి విన్యాసాలు చేసే ఇప్పటి మల్లఖంబ్ అదే. అంటే నేల విడిచి చేసే సాము నిజంగానే ఉంది, పెద్ద విద్య కూడాను. మట్టిలో నాలుగు పట్లు రాకుండా స్తంభం ఎక్కబోయేవాణ్ణి వెక్కిరించిన మాట ఇది అని నా నమ్మకం.

డ్రిల్లు మాస్టారు (పెరంబూరు): అమ్మా, పుస్తకం పక్కన పెట్టి కర్ర పట్టుకుని చూడండి. కర్రసాములో అందరూ చేతులు చూస్తారు, తెలిసినవాడు పాదాలు చూస్తాడు. ఇక్కడ సిలంబం గురువులు కర్ర చేతికివ్వకముందే అడుగులు నేర్పుతారు, కాలడి అంటారు. ఒక కాలు కదిలితే రెండోది నేలకి ఆనే ఉండాలి. రెండూ ఒక్కసారి లేచాయా, ఎదుటి కర్ర తగిలినప్పుడు కాచుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు, వెల్లకిలా పడతాడు. పిల్లలు టీవీలో చూసి ఎగిరి తిప్పబోతే నేను ఇదే మాట అనేవాణ్ణి, సామెత అని కూడా తోచేది కాదు. స్తంభాలూ గింభాలూ అక్కర్లేదు.

ఉత్పలమాల: అదొక్కటే సామా మాస్టారూ? కత్తిసాము, కుస్తీ, బరువులెత్తడం అన్నీ సామే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పేస్ అనే పోర్చుగీసువాడు రాశాడు: రాయలవారు తెల్లారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికీ నూనే పట్టించి, మట్టితో చేసిన బరువులెత్తి, తాగిన నూనె అంతా చెమటై పోయేదాకా కత్తి తిప్పి, ఆనక ఒక జెట్టితో కుస్తీ పట్టి, అప్పుడు గుర్రమెక్కేవారట. ఆంధ్రభోజుడు అని మనం పద్యాలే తలుచుకుంటాం, ఆ నూనె గిన్నె మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ముత్యాలసరం: కండ గురించి ఇంత మాట్లాడి గురజాడని ఒక్కరూ తలవరేంటి? "తిండి కలిగితే కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్". 1910లో అలా అన్న కవి ఇంకెవరున్నారు?

అరసున్న: "కలిగితె". హ్రస్వం.

ముత్యాలసరం: టైపింగ్ అండీ...

అరసున్న: టైపింగ్ కాదు, గోడల మీదా అలాగే రాస్తున్నారు. మీ పేరే ముత్యాలసరం, మీరైనా లెక్క పెట్టొద్దా? తిండి మూడు, కలిగితె నాలుగు, కండ మూడు, కలదోయ్ నాలుగు. తె సాగితే అయిదవుతుంది, నడక కుంటుపడుతుంది.

బండి ఱ: పాడేటప్పుడు ఎవరైనా సాగదీస్తారు, కొంప మునగదు.

ముత్యాలసరం: సరే మహాప్రభో, కలిగితె. నేను చెప్పబోయేది వేరు. గురజాడ వారి విజయనగరంలోనే (రాయలవారిది కాదు, మన ఉత్తరాంధ్రది) కోడి రామమూర్తి నాయుడు గారు పెరిగారు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నాయన, రెండు చేతులతో రెండు మోటారు కార్లని ఆపినాయన. గురజాడ ఆ కండని చూసే రాశారని నా ఊహ. రామమూర్తి గారు చెన్నై వైఎంసీఏ వ్యాయామ కళాశాలలో చదివి ఊరికొచ్చి పిల్లలకి నేర్పుతున్న రోజులవి.

డ్రిల్లు మాస్టారు: ఆగాగు బాబూ. వైఎంసీఏ కళాశాల బక్ దొర 1920లో పెట్టాడు, అప్పటికి గురజాడ వారు పోయి అయిదేళ్ళు. నాయుడు గారు చదివింది సైదాపేటలో, అదీ అంతకు చాలా ముందు. అక్కడ తర్ఫీదు అయి విజయనగరంలో తను చదువుకున్న బళ్ళోనే వ్యాయామం మాస్టారుగా చేరారు.

ముత్యాలసరం: చూశారా, నా వాదానికే బలం వచ్చింది!

ఉత్పలమాల: ఒక ఊళ్ళో ఉన్నంత మాత్రాన పద్యం పుడుతుందా? ఆ పాట మొత్తం తిండీ పంటా పనీ గురించి, "ఈసురోమని మనుషులుంటే" అన్న మాట చూడండి. ఏనుగు ఎక్కడుంది అందులో?

అరసున్న: మాస్టారూ, తర్ఫీదా, తరిబీతా? అక్కడ ఫ ఎందుకొచ్చింది?

డ్రిల్లు మాస్టారు: దానికి వేరే పోస్టు పెట్టుకో నాయనా.