థీమ్ పార్కు లైన్లో మధ్యలో దూరేవాళ్ళతో ఎలా వేగేది?

నెల్లూరు, మాగుంట లేఔట్ నుంచి ప్రశ్న:

దసరా సెలవులకి మేం ముగ్గురు తోటికోడళ్ళం పిల్లల్ని తీసుకుని చెన్నై వైపు ఒక థీమ్ పార్కుకి పోదామనుకుంటున్నాం. ఆరుగురు పిల్లలు, అందరికన్నా చిన్నదానికి ఏడేళ్ళు, మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఖర్చు గురించి కాదు, ఎండ గురించి కాదు, ఆ లైన్లు తలుచుకుంటేనే నాకు టెన్షన్. పోయినసారి (ఏ పార్కో ఇక్కడ వద్దులెండి) ఒక్కో రైడ్‌కి ముప్పావుగంట నిలబడ్డాం. మాకు ముందు ఒకే ఒక్క మనిషి, పాపం ఒంటరిగా వచ్చాడేమో అనుకున్నాం, తీరా గేటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడెక్కడినుంచో పదిమంది కమ్మీల కింద దూరి వచ్చి ఆయన పక్కన చేరారు. మా ఆయన ఊరుకోలేదు. ఈయన తెలుగులో, వాళ్ళు తమిళంలో, ఎవరేం తిట్టారో ఎవరికీ అర్థం కాకపోయినా చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. పిల్లలు ఒకటే ఏడుపు. రైడ్ నడిపే అబ్బాయి మా వంక చూడను కూడా లేదు.

ఈసారి మగవాళ్ళకి సెలవు దొరకలేదు, మేమే పోవాలి. గొడవ లేకుండా వాళ్ళని ఆపే దారి ఉందా? ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? "సర్దుకుపోండి" అని మాత్రం ఎవరూ చెప్పొద్దు, అది మా అత్తగారు రోజూ చెప్తూనే ఉంటారు.

కావలి నుంచి:

సర్దుకుపోవద్దక్కా. గట్టిగా అరవండి, పదిమందీ తిరిగి చూడాలి. మనవాళ్ళకి లైనంటే బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడమే. ఆ ముందు నిలబడ్డ మనిషి కర్చీఫ్, మిగతావాళ్ళు చల్లగా జ్యూస్ తాగి వస్తారు. ఇది మన దేశంలో పుట్టిన జబ్బు, ఇంకెక్కడా ఉండదు. నేను ఎక్కడికి పోయినా అరుస్తా, సగం మంది సిగ్గుపడి వెనక్కి పోతారు.

ఒంగోలు నుంచి:

కావలి తమ్ముడు చెప్పినట్టు సగం మంది పోతారు, నిజమే. పోని సగంతోనే కదా చొక్కాలు పట్టుకోవాల్సి వచ్చేది.

నేను హైదరాబాద్ వైపు ఒక పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేసి, ఇప్పుడు ఊళ్ళో షాపు పెట్టుకున్నాను. అక్కా, మీ వంక చూడలేదన్న ఆ అబ్బాయి బటన్ల దగ్గరున్నవాడే అయ్యుంటాడు. రైడ్ తిరుగుతున్నంతసేపూ వాడు చూపు పక్కకి తిప్పకూడదు, ఎవడైనా చెయ్యి బయట పెట్టినా, ఒళ్ళో ఉన్న లాక్ కదిలించినా వెంటనే ఆపాల్సింది వాడే. పక్కన తలకాయలు పగలగొట్టుకుంటున్నా ప్యానెల్ వదిలి రాకూడదు. మీరు మాట్లాడాల్సింది వాడితో కాదు, గేటు దగ్గర తలలు లెక్కపెట్టి గొలుసు తీసేవాడితో. ఎవరు లోపలికి పోవాలో చెప్పేది ఆ గొలుసు మనిషే.

టైము కూడా చూసుకోవాలి. సీట్లు ఎక్కించేటప్పుడు చెప్తే ఎవరి చెవికీ ఎక్కదు, ఆ హడావుడిలో లాకులు సరిగ్గా పడ్డాయా లేదా అన్నదే వాళ్ళ ధ్యాస. ఒక బ్యాచ్ పోయి రైడ్ మొదలయ్యాక గేటు మనిషి రెండు మూడు నిమిషాలు ఖాళీగా నిలబడతాడు, అప్పుడు చెప్పండి. దూరినవాళ్ళు సీట్లో కూర్చున్నాక ఇక మరిచిపోవడమే, వాళ్ళని దించాలంటే రైడ్ ఆపాలి, ఆపితే వెనక ఉన్న రెండొందల మందీ తిట్టేది గేటు మనిషినే. చెప్పే తీరు కూడా ముఖ్యం. "వీళ్ళకి సిగ్గు లేదు, మర్యాద లేదు" అని మొదలుపెడితే ఇదేదో రెండు కుటుంబాల తగాదా అనుకుని తల తిప్పుకుంటాడు. "నీలం టీషర్టు, ఎర్ర టోపీ, మొత్తం ఆరుగురు, ఇప్పుడే కమ్మీ కిందనుంచి వచ్చారు, మా వెనకవాళ్ళు కూడా చూశారు" అని చెప్పండి. వాకీటాకీలో సూపర్‌వైజర్‌కి చెప్పడానికి వాడికి కావలసింది ఆ గుర్తులే. సూపర్‌వైజర్ సెక్యూరిటీని వెంటబెట్టుకుని వస్తే చాలామంది ఒక్క మాట కూడా లేకుండా వెనక్కి నడుస్తారు.

ఇంకో లెక్క చెప్తా. 24 సీట్ల రైడ్, ఎక్కించి తిప్పి దించడానికి 4 నిమిషాలు అనుకోండి. గంటకి 15 రౌండ్లు, 360 మంది. మీ ముందు 180 మంది ఉంటే అరగంట. పదిమంది మధ్యలో దూరితే మీకు పోయేది మహా అయితే ఒక రౌండు, అంటే 4 నిమిషాలు. దానికోసం చొక్కా చింపుకోవడం దండగ. కానీ ఆ పదిమందిని చూసి ఇంకో మూడు గుంపులు దూరతాయి చూడండి, ఎనిమిది నిమిషాలదాకా పోయేది అక్కడ. అందుకే మొదటి గుంపు అప్పుడే చెప్పాలి, నాలుగో గుంపు వచ్చాక చెప్తే "ఇంతసేపూ లేనిది మాకేనా" అంటారు.

ముందుకు పోయే ప్రతివాడూ దొంగ కాదు, అదీ గుర్తుంచుకోండి. ఎక్కువ డబ్బు పెట్టి వేరే లైను టికెట్ కొన్నవాళ్ళు ఉంటారు. రైడ్ మధ్యలో ఆగిపోతే దించేసి, బాగయ్యాక ముందు వాళ్ళనే పిలుస్తారు. ఒక్క సీటు మిగిలితే "సింగిల్ ఎవరన్నా ఉన్నారా" అని వెనకనుంచి పిలుస్తారు. వీళ్ళ మీద అరిచి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

పొదిలి నుంచి:

నేను టీచర్ని, పిల్లల్ని విహారయాత్రలకి తీసుకుపోతుంటాం. ఒంగోలు సార్ చెప్పింది దూరాక చేసే వైద్యం. అసలు దూరకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది. లైన్లో మూడడుగుల ఖాళీ కనిపిస్తే అది తలుపు తీసి పిలిచినట్టే. ఆ ఖాళీ వచ్చేది ఫోన్ వల్ల. ముందువాళ్ళు కదులుతారు, మనం రీల్ చూస్తుంటాం, పక్కనుంచి నలుగురు వచ్చి నిలబడతారు. మీలో ఒకరు అందరికన్నా ముందు, ఒకరు అందరికన్నా వెనక, పిల్లలు మధ్యలో ఇద్దరిద్దరుగా. మలుపుల దగ్గర మరీ జాగ్రత్త, కమ్మీల కింద దూరేది అక్కడే. పెద్దవాళ్ళెవరైనా మలుపులో కమ్మీ మీద చెయ్యి ఆనించి నిలబడితే చాలు, ఎవరూ ఆ చెయ్యి తొలగించి రారు.

మా పిల్లల్లోనే దూరేవాళ్ళుంటారు, దాచడం ఎందుకు. తొమ్మిదో తరగతి మగపిల్లలు నలుగురు కలిస్తే లైనంటే ఏదో పందెంలా తీసుకుంటారు. అలా దూరినవాడిని చేయిపట్టుకుని తీసుకుపోయి చివర నిలబెడతాను, వాడితోపాటు వాడికి చోటిచ్చిన స్నేహితుడినీ. రెండోవాడిని కూడా పంపడమే మందు, తర్వాత ఎవడూ ఎవడికీ చోటు ఆపడు. మీ ఆరుగురికి కూడా బస్సు ఎక్కేముందే చెప్పండి. మన పిల్లవాడు ఒకడు ముందు పోయి "అమ్మా ఇటు రా" అని పిలిచాడంటే ఇక మనం ఎవరినీ ఏమీ అనలేం.

ఇంకొకటి, ఎత్తు. పెద్ద రైడ్లకి చాలాచోట్ల 140 సెంటీమీటర్లు ఉండాలంటారు. ఇంట్లోనే గోడకి ఆనించి అందరినీ కొలవండి. అరగంట నిలబడ్డాక గేటు దగ్గర పిల్లని వెనక్కి పంపితే ఆ కోపం ముందున్నవాళ్ళ మీదికి పోతుంది.

ఆత్మకూరు నుంచి:

మన దేశంలో పుట్టిన జబ్బు అన్న తమ్ముడికి చిన్న సవరణ. మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉంటాడు, అక్కడి డిస్నీ వరల్డ్ నియమాల్లో ఒకరు ఇంకొకరికి చోటు ఆపకూడదు, లైన్లో మధ్యలో దూరకూడదు అని రాసిపెట్టుకోవాల్సి వచ్చింది. దూరేవాళ్ళు లేకపోతే రాసేవాళ్ళా? దివ్యాంగులకి ఇచ్చే కార్డుని కొందరు డబ్బున్నవాళ్ళు వాడుకుంటున్నారని గోల అయ్యి, 2013 అక్టోబరులో ఆ పద్ధతినే మార్చేశారు. నేరుగా ముందుకు పంపకుండా, ఫలానా టైముకి రండి అని చెప్పడం మొదలుపెట్టారు. మనుషులు అంతటా ఒకటే.

నెల్లూరు, మాగుంట లేఔట్ నుంచి:

అందరికీ థాంక్స్. ఆ గొలుసు మనిషి సంగతి మాకు తట్టనే లేదు. ఇంకో రెండు సందేహాలు. లైన్ మధ్యలో చిన్నది బాత్రూమ్ అంటే? పోయి తిరిగొస్తే మేము కూడా దూరినట్టే కదా. రెండోది అడగడానికే ఎబ్బెట్టుగా ఉంది, పోయినసారి వెనకనుంచి కుర్రాళ్ళు కావాలనే ఆనుకుంటూ వచ్చారు, మా తోటికోడలు పాపం చెప్పుకోలేక రైడ్ ఎక్కకుండానే బయటికి వచ్చేసింది.

పొదిలి నుంచి:

ముందు బాత్రూమ్, తర్వాత లైను, మా స్కూల్లో ఇది గట్టి రూలు. అయినా ఏడేళ్ళ పిల్ల అంటే ఆపలేం. పోయేముందు వెనక కుటుంబానికి ముఖం చూపించి "పాపని తీసుకుపోయి వస్తా, మా వాళ్ళు ఇక్కడే ఉన్నారు" అని చెప్పండి, ఎవరూ కాదనరు. ఒక పెద్ద, ఒక పిల్ల, అంతే. దాన్ని సాకుగా పెట్టుకుని ఐదుగురు పోయి ఐస్‌క్రీములతో తిరిగొస్తే మాత్రం అది కర్చీఫే. బయటికి పోతే మళ్ళీ చివరికే అని ఆ పార్కు బోర్డు పెట్టి ఉంటే, ఇద్దరూ ఆ రైడ్ వదిలేసుకోవడం మేలు.

నెల్లూరు, వేదాయపాళెం నుంచి:

అక్కా, రెండోది లైన్ గొడవ కాదు, దాన్ని దీంతో కలపొద్దు. దూరినవాడి విషయంలో నెమ్మదిగా మాట్లాడాలి సరే, ఒంటి మీద చెయ్యి పడితే మాత్రం కావలి తమ్ముడి మందే, అందరికీ వినపడేలా "చెయ్యి తియ్" అనాలి. ఏ భాషలో అన్నా అర్థమవుతుంది. ఆ వెంటనే గేటు మనిషికి, ఆడ సెక్యూరిటీ ఉంటే వాళ్ళకి చెప్పి, వాడిని బయటికి పంపేదాకా కదలొద్దు. పార్కువాళ్ళు నసిగితే 112 కి ఫోన్ చేయండి, తమిళనాడులోనూ అదే నంబరు. పార్కుల్లో చాలాచోట్ల కెమెరాలుంటాయి, టైము, రైడ్ పేరు ఫోన్లో రాసి పెట్టుకోండి. మీ తోటికోడల్ని ఈసారి మధ్యలో నిలబెట్టి, వెనక మీ అత్తగారిని పెట్టండి. వెనక పెద్దావిడ ఉంటే కుర్రాళ్ళు ఆమడ దూరం ఉంటారు.

మామూలుగా దూరేవాళ్ళకైతే చెన్నైలో "అణ్ణా, క్యూ పిన్నాడి ఇరుక్కు" (అన్నా, లైను వెనక ఉంది) అని నవ్వుతూ అంటే చాలు. సగం మంది పొరపాటున వచ్చినట్టు నటించి పోతారు, ఆ నటనకి చోటివ్వాలి మనం. ఒక్కసారి చెప్పండి, వినకపోతే రెండోసారి వాళ్ళతో మాట్లాడొద్దు, గేటు దగ్గరికి పోండి.

కావలి నుంచి:

నా మందు కూడా పనికొచ్చిందన్నమాట, సంతోషం. నీళ్ళ స్లైడ్ల దగ్గర ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ట్యూబులు కిందనుంచి మోసుకుపోయేచోట, మనం దించింది దించినట్టే లాక్కుపోతారు.

ఒంగోలు నుంచి:

ట్యూబు చేతికొచ్చాకే మెట్లెక్కాలి, ఖాళీ చేతులతో లైన్లో నిలబడి పైన చూసుకుందాం అనుకోవద్దు. మెట్ల మీద దూరేవాళ్ళ విషయంలో నేను అస్సలు ఊరుకునేవాణ్ణి కాదు. తడి మెట్లు, చేతిలో ట్యూబు, పక్కనుంచి నెట్టుకుంటూ పైకి పోయేవాడు ఒకడు జారితే వెనక పదిమంది పడతారు. అక్కడ "లైన్ తప్పాడు" అని కాదు, "మెట్ల మీద తోస్తున్నాడు, పిల్లలు పడతారు" అని చెప్పండి, పైనున్న లైఫ్‌గార్డ్ వెంటనే పట్టించుకుంటాడు. నైలాన్ బట్టలు ఇంటినుంచే తెచ్చుకోండి, కాటన్ వేసుకుంటే నీళ్ళలోకి రానివ్వరు, అక్కడ అద్దెకి తీసుకునే కౌంటర్ దగ్గర ఇంకో లైను, అక్కడా దూరేవాళ్ళే.

నెల్లూరు, మాగుంట లేఔట్ నుంచి:

మా అత్తగారికి చదివి వినిపించా, వెనక నిలబడే ఉద్యోగం ఇచ్చినందుకు చాలా సంతోషపడ్డారు. ఆఖరి మాట, మీరు చెప్పిన ఆ ఎక్కువ డబ్బుల టికెట్ కొనేస్తే ఈ గోలంతా పోతుంది కదా? అంతమందికి కొనడం దండగా?

ఒంగోలు నుంచి:

మామూలు రోజుల్లో పోతే దండగే, మంగళ, బుధవారాల్లో సగం రైడ్లు నడిచిపోయి ఎక్కేయొచ్చు. దసరా సెలవులంటున్నారు కాబట్టి ఏ రోజైనా రద్దీ తప్పదు, అయినా అందరికీ కొనొద్దు. 140 దాటిన పిల్లలు ఎవరో వాళ్ళకీ, వాళ్ళతో ఎక్కే ఒక పెద్దకీ కొనండి, చిన్న పిల్లల రైడ్ల దగ్గర లైను అంత ఉండదు. కొనేముందు కౌంటర్లో రెండు అడగండి: ఏయే రైడ్లకి చెల్లుతుంది, ఒక్కో రైడ్‌కి ఒక్కసారేనా. తెల్లారి ఐదుకల్లా నెల్లూరులో బయలుదేరితే పార్కు తెరిచేసరికి గేటు దగ్గరుంటారు. తెరవగానే అందరూ మొదట కనిపించిన రైడ్ దగ్గర గుంపు కడతారు, మీరు ఆగకుండా చివరిదాకా నడిచి అక్కడినుంచి వెనక్కి రండి. భోజనం పన్నెండుకే కానిచ్చేస్తే, ఒంటిగంటకి జనమంతా హోటల్ లైన్లో ఉన్నప్పుడు పెద్ద రైడ్లు ఎక్కొచ్చు.