‘పలికెడిది భాగవతమఁట’: ఇందులో అందానికేం పని?

పరకాల నుంచి ప్రశ్న:
పోతన కందం గురించి అడుగుతున్న.

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద వేఱొండు గాథ బలుకఁగ నేలా!

ప్రయోజనం భవహరమని, అంటే సంసారబంధం పోగొట్టుడని, కవే చెప్పిండు గదా. మరి ‘పలుకు’ను అన్నిసార్లు తిప్పుడెందుకు? విషయం గొప్పదైతే అందం పైపూతే గదా సార్?

హన్మకొండ నుంచి:
ముందు ‘అట’లు చూడండి. పలికేదేంది, పలికించేదెవరు, ఫలమేంది అనే మూడింటినీ విన్నమాటగా పెట్టిండు. ‘పలికెద’ దగ్గర అట లేదు. ఆ పూనిక ఒక్కటే తనది. అటలు తీసేసి అర్థం చెప్పుకోండి, గొప్పలకు పోయినట్టు వినబడ్తది. ఇగ ప్రాస. కందంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలె. ‘ల’కారానికి కలిగిన, తలచిన, నిలిచిన అని ఎన్ని మాటలు లేవు! అన్నీ వదిలి ఒకే ధాతువు పట్టుకున్నడు. పలికెడిది, పలికించెడివాఁడు, పలికిన, పలికెద: కథ నుంచి రాముడికి, రాముడి నుంచి కవికి మాట చేతులు మారుడు ఆ రూపాల్లోనే కనబడ్తది. దీన్ని పైపూత అంటే నేనొప్పుకోను.

జనగామ నుంచి:
చదువుడులో రెండు తప్పులు జరుగుతయి. రెండో పాదం చివర ‘నేఁ’ దగ్గర రాగం తీసి ఆగుతరు. అది అర్థంలో మూడో పాదానిది. ‘రామభద్రుండఁట’ కాడ ఆగి, ‘నేఁ బలికిన’ ఒక్క ఊపిరిలో అనాలె. చివర ‘నేల’ అని కుదించొద్దు. రెండు, నాలుగు పాదాల చివర గురువు తప్పనిసరి. ‘నేలా’ అంటే గగ, అంటే రెండు గురువులు, నాలుగు మాత్రలు. ‘నేల’ అంటే మూడే, గణం చెడ్తది.

పరకాల:
మరి కీర్తి, ధనం కూడా కావ్యప్రయోజనాలే అన్నరు గదా?

హన్మకొండ:
సంస్కృత అలంకారశాస్త్రం రాసిన మమ్మటుడు ఆరు చెప్పిండు: కీర్తి, ధనం, లోకజ్ఞానం, అశుభనివారణ, అప్పటికప్పుడు కలిగే పరమానందం, కాంత నచ్చజెప్పినట్టు చేసే ఉపదేశం. ‘ఇమ్మనుజేశ్వరాధముల’ పద్యంలో పోతన రాజులిచ్చే ఊళ్లను, సొమ్ములను కాదని ‘జగద్ధితంబుగన్’, అంటే లోకానికి మేలుగ, అని ముగించిండు. ఇదే ఓరుగల్లులో అంతకుముందు విద్యానాథుడు అలంకారశాస్త్రం రాస్తూ ఉదాహరణ శ్లోకాల్లో కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణే పొగిడిండు. పోతన భవహరాన్ని ‘అట’ అన్నడు గని, ఆనందాన్ని మాటల్లో చెప్పనేలేదు, పద్యంలోనే పెట్టిండు. అందుకే భవహరం మీద నమ్మకం లేనోళ్లకు గూడ ఇది నోట్ల ఆడుతది.